కుక్కపిల్ల ముక్కుతోందా? ఆముదం సీసా తీసే ముందు దొడ్డి చూడండి



ఈసారి వీడియో పంట గురించి కాదు, పంటకి కాపలా కాసే కుక్కపిల్ల గురించి. ఖమ్మం నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు వెళ్ళినా, పాల్వంచ మీదుగా భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్ళినా, అడవి అంచున పొలం ఉన్న ప్రతి రైతుకీ కుక్క కావాలి. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే టైంకి అడవిపందులు దిగుతాయి. కూరగాయల మీదికి కోతులు వస్తాయి. రాత్రి మంచె మీద మనం ఒక్క కునుకు తీసినా కుక్క తీయదు. అందుకే ఏ గూడెంలోనో కుక్క ఈనిందని తెలియగానే వెళ్ళి ఒక పిల్లని సంచిలో వేసుకొని తెచ్చుకుంటాం.

ఆ తెచ్చిన వారం పది రోజులకి మొదలవుతుంది అసలు సంగతి. "అన్నా, కుక్కపిల్ల దొడ్డికి కూర్చుంటోంది, ముక్కుతోంది, కుయ్‌కుయ్‌మని ఏడుస్తోంది. ఏమీ రావట్లే. ఆముదం పొయ్యమంటావా?" ఈ ప్రశ్న నన్ను అడిగినంతగా జీవామృతం గురించి కూడా అడగలేదు అంటే నమ్మండి.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. ముందు దొడ్డి చూడండి. ఆ తర్వాతే మందు సంగతి.

ముక్కడం అంటే మలబద్ధకమేనా?

కాదు. ఇది అర్థమైతే సగం పిల్లలు బతుకుతాయి.

పేగు చివరి భాగం పుండులా వాచిపోయిందనుకోండి, లోపల ఏమీ లేకపోయినా ఇంకా ఏదో ఉన్నట్టే అనిపిస్తుంది. మనకి జిగట విరేచనాలు పట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. పది సార్లు వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే రెండు చుక్కల జిగురు తప్ప ఏమీ రాదు. కుక్కపిల్లకీ అంతే. వీపు విల్లులా వంచి, వెనక కాళ్ళు వణికిస్తూ ముక్కుతూనే ఉంటుంది. దూరం నుంచి చూసిన మనకి అది మలబద్ధకంలా కనిపిస్తుంది. నిజానికి అది విరేచనాల జబ్బు.

అప్పుడు ఆముదం పోస్తే ఏమవుతుంది? ఆముదం పేగుని ఇంకా కదిలిస్తుంది. ఉన్న కాస్త నీరు కూడా బయటికి పోతుంది. మూడు కిలోలు కూడా లేని పిల్ల ఒంట్లో నీళ్ళు ఎన్ని ఉంటాయి? పొద్దున పోస్తే సాయంత్రానికి కళ్ళు లోపలికి పోతాయి. పైగా గింజుకుంటున్న పిల్ల నోట్లో నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అలా పోతే న్యుమోనియా వస్తుంది.

ఇంకొక సంగతి. కొన్నిసార్లు పిల్ల ముక్కేది దొడ్డికి కాదు, ఉచ్చకి. ఉచ్చ ధారగా వస్తోందా, చుక్కలుగా వస్తోందా, అసలు రావట్లేదా అన్నది కూడా గమనించండి. ఉచ్చ ఆగిపోతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోవాలి.

దొడ్డి ఎలా చూడాలి?

వీడియోలో ఇది చేసి చూపించాను. తిన్న పావుగంటకి, అరగంటకి చాలా పిల్లలు దొడ్డికి కూర్చుంటాయి. ఆ టైంకి దాన్ని శుభ్రమైన తెల్ల సంచి మీదికో, పాత పేపర్ మీదికో తీసుకెళ్ళండి. మట్టి మీద పడితే జిగురూ రక్తమూ ఇంకిపోయి ఏమీ తెలియదు. చేతికి ఒక కవర్ తొడుక్కొని చూడండి.

గట్టిగా, పొడిగా చిన్న చిన్న ఉండల్లా వస్తే అది నిజమైన మలబద్ధకం. నీళ్ళు తక్కువ తాగడం, ఎండ దెబ్బ, ఎండు మేత దీనికి కారణాలు.

తెల్లగా, సున్నపు ముద్దలా, నలిపితే పొడి అయ్యేలా వస్తే అది ఎముకల వల్ల. ఆదివారం కోడికూర ఎముకలన్నీ పిల్ల ముందే పోస్తాం కదా, అవే ముద్దకట్టి గట్టిపడతాయి. ఉడికిన ఎముక పుల్లలా చీలుతుంది కాబట్టి పేగుని కోస్తుంది కూడా.

పల్చగా, జిగురుతో వచ్చి, చివర్లో ఎర్రటి రక్తపు చుక్కలు పడితే పెద్దపేగు వాచింది అని. నట్టలు, కంటికి కనపడని సూక్ష్మజీవులు, కుళ్ళిన తిండి, ఏదైనా కారణం కావచ్చు.

నల్లగా తారులా వస్తే రక్తం పైన, చిన్నపేగులో కారుతోందని అర్థం. చిగుళ్ళు కూడా తెల్లబడితే కొంకి పురుగుల మీద అనుమానపడాలి.

సేమ్యాల్లాంటి పొడవాటి పురుగులు పడితే ఏలిక పాములు. దోసగింజల్లాంటి ముక్కలు తోక కింద అంటుకొని కదులుతుంటే బద్దె పురుగులు.

నీళ్ళలా, భరించలేని వాసనతో, రక్తం కలిసి వచ్చి, దానికి ముందే వాంతులు మొదలై పిల్ల తిండి మానేస్తే పార్వో అనుకోండి. ఇక ఆలస్యం చేయకూడదు.

ఇదంతా అయ్యాక తోక ఎత్తి మలద్వారం కూడా చూడండి. బొచ్చు ఎక్కువ ఉన్న పిల్లలకి దొడ్డి అక్కడే అంటుకొని ఎండిపోయి, దారి మూసుకుపోతుంది. అలాంటప్పుడు గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి, మెల్లగా తుడిచి, బొచ్చు కత్తిరిస్తే చాలు, ఏ మందూ అక్కర్లేదు. కొన్నిసార్లు అక్కడ ముళ్ళ గడ్డి గింజ గుచ్చుకొని ఉంటుంది. లేదంటే గోమారి పట్టుకొని ఉంటుంది.

మా తోటలో పిల్ల సంగతి

పోయిన వానాకాలం అశ్వారావుపేట అవతల గూడెం నుంచి మేమొక ఆడపిల్లని తెచ్చుకున్నాం. రెండు నెలలది. ఐదో రోజు నుంచి ముక్కడం మొదలైంది. పక్క చేను పెద్దమ్మ వచ్చి చూసి, "అయ్యో, పొట్ట బిగిసింది బిడ్డా, ఇంత ఆముదం పొయ్యి, సర్దుకుంటది" అంది. ఆమె ప్రేమతోనే చెప్పింది. వాళ్ళ ఇంట్లో పిల్లలకి అలాగే చేసుకున్నారు.

నేను సంచి పరిచి చూశాను. ముక్కి ముక్కి వేసింది ఒక చెంచాడు. జిగురుగా ఉంది, అంచున ఎర్ర చార. చిగుళ్ళు చూస్తే గులాబీ రంగు తగ్గి పాలిపోయి ఉన్నాయి. పొట్ట మాత్రం బూరెలా ఉబ్బి ఉంది. "ఇది బిగిసిన పొట్ట కాదు పెద్దమ్మా, నట్టల పొట్ట" అని ఆ చెంచాడు దొడ్డినే శుభ్రమైన చిన్న సీసాలో వేసుకొని, పిల్లతో పాటు పశువైద్యశాలకి తీసుకెళ్ళాను. డాక్టర్ గారు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి కొంకి పురుగుల గుడ్లు ఉన్నాయని చెప్పారు. బరువు తూచి, దానికి తగ్గ నట్టల మందు ఇచ్చారు. రెండు వారాలకి మళ్ళీ రమ్మన్నారు. రక్తం పట్టడానికి ఐరన్ చుక్కలు రాశారు. నాలుగో రోజుకి ముక్కడం ఆగింది. ఇప్పుడది మా మొక్కజొన్న చేను చుట్టూ రాత్రి పది రౌండ్లు తిరుగుతుంది.

అదే ఈతలో పుట్టిన ఇంకో పిల్ల వేరే ఊరికి పోయింది. దానికి వాంతులు, రక్త విరేచనాలు పట్టుకొని మూడు రోజుల్లో పోయిందని తర్వాత తెలిసింది. వాళ్ళు దిష్టి తగిలిందనుకున్నారు. ఒకే తల్లి పిల్లలు, రెండూ ముక్కాయి, కానీ జబ్బులు వేరు. అందుకే చెబుతున్నా, ముక్కడం చూసి మందు నిర్ణయించకండి.

దొడ్డి శాంపిల్ గురించి ఒక మాట. తాజాది కావాలి, మట్టి అంటనిది కావాలి. ఎండలో పెట్టకుండా తీసుకెళ్ళాలి. పోయేది దూరం అయితే తడి గుడ్డ చుట్టండి.

పుట్టుకతోనే నట్టలు

"మా పిల్ల ఇంకా మట్టిలోకే దిగలేదు, నట్టలు ఎక్కడివి?" అని అడుగుతారు. ఏలిక పాముల పిల్లలు తల్లి కడుపులో ఉండగానే మాయ గుండా పిల్లలోకి వెళ్తాయి. కొంకి పురుగులు తల్లి పాల గుండా వస్తాయి. తల్లి ఎంత ఆరోగ్యంగా కనిపించినా సరే, ఊరి కుక్క ఈనిన పిల్లలకి నట్టలు ఉన్నట్టే లెక్క.

అందుకే ప్రపంచమంతా పశువైద్యులు చెప్పేది ఒకటే పద్ధతి: పిల్లకి 2 వారాల వయసు రాగానే మొదటి నట్టల మందు, తర్వాత 4, 6, 8 వారాలకి, అక్కడి నుంచి ఆరు నెలల వయసు దాకా నెలకోసారి. పాలిచ్చే తల్లికి కూడా పిల్లలతో పాటే వేయాలి. మందు పిల్ల బరువుని బట్టి ఉంటుంది. కూరగాయలు తూచే కాటా మీద సంచిలో పెట్టి తూచి, ఆ బరువు రాసుకొని డాక్టర్‌కి చెప్పండి.

ఇక్కడ ఇద్దరు ముగ్గురు మిత్రులు నన్ను నిలదీశారు. "ప్రకృతి వ్యవసాయం అని చెప్పి నువ్వే ఇంగ్లీషు మందు వేయమంటావా?" అని. మంచి ప్రశ్న. మనం రసాయనాలు వద్దన్నది మట్టిలో కోట్ల జీవులు ఉన్నాయని, వాటిని చంపకూడదని. కుక్కపిల్ల పేగులో రక్తం తాగే పురుగు మన మట్టి జీవి కాదు, ఆ పిల్ల ప్రాణం తీసే శత్రువు. గుమ్మడి గింజలు, బొప్పాయి గింజలు, వేపాకు ముద్ద మింగిస్తే నట్టలు పోతాయని చెప్పుకుంటారు. పిల్ల రక్తం తగ్గిపోతున్నప్పుడు వాటిని నమ్ముకొని కూర్చునే టైం లేదు. కొంకి పురుగు ఎక్కువైన చిన్న పిల్ల కొన్ని రోజుల్లోనే రక్తహీనతతో చనిపోతుంది.

అయితే ఇంకో వైపు తప్పు కూడా వద్దు. ఇంట్లో ఆవుకో మేకకో తెచ్చిన నట్టల మందు సీసా ఉంది కదా అని అందులోంచి నాలుగు చుక్కలు కుక్కపిల్లకి పోయకండి. పశువుల డోసు వేరు, కుక్క ఒళ్ళు వేరు. మోతాదు దాటితే కొన్ని మందులు నరాల మీద, ఇంకొన్ని రక్తం తయారయ్యే మూలుగ మీద దెబ్బ కొడతాయి. కుక్కపిల్లలకని తయారైన మందే వాడాలి.

నట్టల మందు వేసినా ముక్కడం తగ్గకపోతే కాక్సిడియా, జియార్డియా లాంటి ఏకకణ జీవులు ఉండొచ్చు. వాటికి మందులు వేరు. దొడ్డి పరీక్ష చేయించమనేది అందుకే.

పార్వో: మట్టిలో నెలల తరబడి కాచుకొని ఉండే వైరస్

కుక్కల పార్వో వైరస్ 1978 ప్రాంతంలో కొత్తగా పుట్టుకొచ్చి రెండేళ్ళలో ప్రపంచమంతా పాకింది. ఆరు వారాల నుంచి ఆరు నెలల వయసు పిల్లలకి ప్రమాదం ఎక్కువ. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక సాధారణంగా వారం లోపే జబ్బు బయటపడుతుంది. పేగు లోపలి పొర ఊడిపోతుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, ఇన్‌ఫెక్షన్ ముదరకుండా చూస్తే చాలా పిల్లలు బతుకుతాయి. వైద్యం లేకపోతే చాలా వరకు పోతాయి. ఇంట్లో మజ్జిగ తాపించి దాటించే జబ్బు కాదు ఇది.

టీకా 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టాలి. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పిల్లకి 16 వారాలు నిండేదాకా. ఎందుకన్ని సార్లు? తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంత కాలం టీకా సరిగా పట్టదు. ఆ రక్షణ ఏ పిల్లకి ఎప్పుడు తగ్గుతుందో బయటి నుంచి తెలియదు. అందుకే మళ్ళీ మళ్ళీ వేస్తారు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా తప్పనిసరి. ఏటా జూలై 6న జూనోసిస్ డే, సెప్టెంబర్ 28న ప్రపంచ రేబిస్ దినం సందర్భంగా పశువైద్యశాలల్లో శిబిరాలు పెడుతుంటారు. మీ మండలంలో అడిగి ఉంచుకోండి.

పార్వోతో పిల్ల చనిపోయిన చోట వైరస్ నెలల తరబడి, నీడలో తేమలో అయితే ఏడాది దాకా ఉంటుంది. ఫినాయిల్‌కి లొంగదు. గచ్చు, గిన్నెలు, గొలుసు ముందు సబ్బుతో కడిగి, తర్వాత బ్లీచింగ్ నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచాలి. మట్టి నేలని బ్లీచింగ్‌తో శుద్ధి చేయలేం, చేస్తే మన మట్టి కూడా పోతుంది. ఆ చోటుకి ఎండ తగలనివ్వండి. టీకాలు పూర్తికాని కొత్త పిల్లని అక్కడికి తేవద్దు.

అడవి అంచున ఉన్న మనకి ఇంకో బాధ్యత కూడా ఉంది. నక్కలు, గుంటనక్కలు, రేచుకుక్కలు అన్నీ కుక్క కుటుంబమే. మన కుక్క జబ్బులు వాటికీ అంటుతాయి. 2018లో గుజరాత్ గిర్ అడవుల్లో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో కొన్నింటికి సోకింది కుక్కల డిస్టెంపర్ వైరస్ అని తేలింది. మనం వేయించే కలిపి టీకాలో పార్వోతో పాటు డిస్టెంపర్‌కి కూడా రక్షణ ఉంటుంది.

మన తోటలోనే ఉన్న విషాలు

రసాయనం లేని తోట కాబట్టి కుక్కపిల్లకి భయం లేదనుకుంటాం. నెమ్మదిగా ఒకసారి తోట చుట్టూ తిరిగి చూడండి.

ఆముదం పిండి. ఎరువుగా వేసే ఈ చెక్కలో రైసిన్ అనే విషం ఉంటుంది. కుక్కలు దీన్ని ఇష్టంగా తింటాయి. తిన్న కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో వాంతులు, రక్త విరేచనాలు, విపరీతమైన కడుపు నొప్పి మొదలవుతాయి. ప్రాణం పోతుంది కూడా. అచ్చం పార్వోలాగే కనిపిస్తుంది. బస్తాలు గూటి మీద పెట్టండి. పొలంలో వేస్తే మట్టిలో కలిసేదాకా పిల్లని కట్టేయండి.

అగ్నిఅస్త్రం. ఇందులో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి ఉంటాయి. దశపర్ణి కషాయంలో ఉమ్మెత్త లాంటి ఆకులు వేస్తాం. పురుగుకి పనిచేసేది కుక్కపిల్లకి పనిచేయకుండా ఉంటుందా? డ్రమ్ముకి మూత, వడగట్టిన పిప్పికి గొయ్యి ఉండాలి.

జీవామృతం. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి కలిపాక ఆ తీపి వాసనకి పిల్ల వచ్చి నాకుతుంది. అది మట్టికి అమృతం, పిల్ల పేగుకి కాదు. చేపల ద్రావణం, గుడ్ల ద్రావణం కూడా అంతే.

ఇప్పపువ్వు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన గూడేల్లో ఇప్పపువ్వు ఏరి ఎండబోస్తారు. పులిసిన పువ్వు, సారా కాచాక పారబోసిన పిప్పి తింటే కుక్కపిల్ల తూలుతుంది, వాంతి చేసుకుంటుంది, ఒళ్ళు చల్లబడుతుంది. దానికి సారా అంటే విషమే.

ఇంకా డ్రిప్ పైపు ముక్కలు, సంచి దారాలు, మామిడి టెంకలు. దారం మలద్వారం నుంచి వేలాడుతుంటే లాగకండి. రెండో కొస లోపల ఎక్కడో చిక్కుకొని ఉంటే పేగు కోసుకుపోతుంది. పక్క చేలో ఎలుకల మందు పెడుతున్నారేమో కూడా అడిగి తెలుసుకోండి.

ఇంట్లో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

పిల్ల చురుగ్గా ఉండి, వాంతులు లేకుండా, రక్తం లేకుండా, కాస్త పల్చగా వెళ్తూ ముక్కుతుంటే ఒక రోజు ఇంట్లో చూడొచ్చు. మెత్తగా ఉడికించిన అన్నం, ఎముక తీసిన కోడిమాంసం ఉప్పూ కారం లేకుండా ఉడికించి, రెండూ కలిపి కొంచెం కొంచెంగా రోజుకి నాలుగైదు సార్లు పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి వద్దు. అవి కుక్క రక్తకణాలని దెబ్బతీస్తాయి. పాలు ఆపేయండి. చాలా పిల్లలకి ఆవు పాలు, గేదె పాలే విరేచనాలకి కారణం. రెండు చెంచాల పెరుగు పడుతుంది.

పెద్ద కుక్కలా చిన్న పిల్లని రోజంతా పస్తు పెట్టకూడదు. రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ వస్తాయి. నీరసంగా వాలిపోతే చిగుళ్ళకి కాస్త బెల్లం నీళ్ళో తేనెో రాసి డాక్టర్ దగ్గరికి బయలుదేరండి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలపండి. చెంచాతో కొద్దికొద్దిగా, పిల్ల నాకేలా ఇవ్వండి. వాంతి చేసుకుంటుంటే బలవంతంగా పోయొద్దు.

దొడ్డి గట్టిగా, ఉండలుగా వస్తుంటే నీళ్ళు ఎక్కువ పెట్టండి, అన్నాన్ని జారుగా కలపండి. ఉప్పు వేయకుండా ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు ఒకటి రెండు చెంచాలు కలపండి. పిల్లని కాసేపు తిప్పండి. మే నెలలో మన భద్రాచలం, కొత్తగూడెం ఎండల సంగతి తెలిసిందే. నీళ్ళ గిన్నె నీడలో ఉండాలి, పూటకి రెండుసార్లు మార్చాలి.

చేయకూడనివి: ఆముదం పోయొద్దు. మలద్వారంలో సబ్బు ముక్క పెట్టొద్దు. మనుషుల ఎనిమా వాడొద్దు, అందులోని ఫాస్ఫేట్ చిన్న పిల్లని చంపగలదు. నొప్పికని పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వొద్దు. మనం వేసుకునే విరేచనాలు కట్టే మాత్ర వేయొద్దు. విషమో వైరసో లోపల ఉంటే, అది బయటికి పోయే దారి మూసినట్టవుతుంది.

ఎప్పుడు ఆగకూడదు

రక్త విరేచనాలతో వాంతులు కలిసినప్పుడు. ఒక రోజంతా ముక్కినా ఏమీ రానప్పుడు. పొట్ట గట్టిగా ఉబ్బి, ముట్టుకుంటే అరిచినప్పుడు. చిగుళ్ళు తెల్లబడినప్పుడు. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే వెనక్కి పోనప్పుడు. జ్వరం 103 డిగ్రీలు దాటినప్పుడు. కుక్కకి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే, మన లెక్కతో చూడకండి. విషం తిందని అనుమానం వచ్చినప్పుడు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే పూట వెళ్ళాలి.

ముక్కి ముక్కి పేగు ఎర్రగా బయటికి వచ్చిందా? చేత్తో లోపలికి నెట్టకండి. శుభ్రమైన నీళ్ళలో తడిపిన గుడ్డ దాని మీద వేసి, ఆరకుండా, పిల్ల నాకకుండా పట్టుకొని తీసుకెళ్ళండి.

మన ప్రాంతంలో దూరం ఒక సమస్య, వాన ఇంకో సమస్య. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఎన్ని దారులు మూసుకుపోయాయో మనకి తెలుసు. వానాకాలం రాకముందే పిల్ల బరువు రాసిన చీటీ, డాక్టర్ ఇచ్చిన నట్టల మందు, ఓఆర్‌ఎస్, థర్మామీటర్, దగ్గరి పశువైద్యశాల ఫోన్ నంబర్ ఒక డబ్బాలో పెట్టుకోండి. దారి లేనప్పుడు ఫోన్‌లో దొడ్డి ఫోటో పంపితే డాక్టర్ గారు కనీసం ఏది ఆపాలో చెబుతారు.

కుక్క దొడ్డి పేడ కాదు

చివరిగా అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇది మన పిల్లల కోసం.

మన అచ్ఛాదన కింద నీడ, తేమ, గోరువెచ్చదనం ఉంటాయి. వానపాములకి అది స్వర్గం. కొంకి పురుగు పిల్లలకి కూడా అంతే. కుక్క దొడ్డిలో పడ్డ గుడ్డు అలాంటి చోట వారం రోజుల్లోనే చర్మంలోకి దూరే పిల్ల పురుగు అవుతుంది. ఉత్త కాళ్ళతో నడిచే మనుషుల చర్మంలోకీ దూరి, దురదపెడుతూ వంకర గీతల్లా పాకుతుంది. ఏలిక పాము గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. మట్టిలో ఆడిన చేతులు నోట్లో పెట్టుకున్న చంటిపిల్లల కాలేయానికి, కంటికి కూడా చేటు చేస్తాయి. మంచి సంగతి ఏమిటంటే, వేసిన గుడ్డు వేసినట్టే అంటుకోదు, దానికి రోజులు పడుతుంది. కాబట్టి ఏ రోజు దొడ్డి ఆ రోజే ఎత్తేస్తే చాలు.

ఎత్తింది ఘనజీవామృతంలోకో, వానపాముల ఎరువులోకో, కూరగాయల మడిలోకో వేయకండి. బావికి, మడులకి దూరంగా లోతు గొయ్యి తీసి పూడ్చండి.

ఆవు ఈనినప్పుడు మాయని, ఈసుకుపోయిన దూడని కుక్కకి అందనివ్వొద్దు. వాటి నుంచి కుక్కకి నియోస్పోరా అనే జీవి అంటి, కుక్క దొడ్డితో మేతలో కలిస్తే మిగతా ఆవులు కూడా ఈసుకుపోతాయి. జాతరకి కోసిన మేక కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు కనిపిస్తే ఆ ముక్క కుక్కకి వేయకుండా పూడ్చేయండి. ఆ బుడగల జబ్బు కుక్క గుండా మనుషులకి వస్తుంది.

వీడియో కింద మీ పిల్ల వయసు, బరువు, ఏం తింటోంది, దొడ్డి ఏ రంగులో ఎలా ఉంది అన్నవి నాలుగూ రాయండి. నేను డాక్టర్‌ని కాదు, మందు పేరు చెప్పను. కానీ ఆ నాలుగూ రాసేసరికి, డాక్టర్‌కి ఏం చెప్పాలో మీకే తెలిసిపోతుంది.

ఉంటాను మిత్రులారా. గూడెం నుంచి కొత్త పిల్లని తెచ్చే ఆలోచన ఉంటే, తల్లి దగ్గర ఎనిమిది వారాలు ఉండనిచ్చి తెచ్చుకోండి. అప్పటిదాకా వెళ్ళి ఆ తల్లికీ పిల్లలకీ నట్టల మందు వేయించి రండి.